ఎనిమిదో బల్ల

కొత్త ప్రిన్సిపాల్ ఫినేయాసి వచ్చిన మొదటి సోమవారమే వరండాలో వేలాడే గంటను తానే కొట్టాడు. ఎనిమిదింటి గంట మా బడిలో ఎనిమిదింటికే మోగడం నాకు తెలిసి అదే మొదటిసారి. నేనప్పుడు గేటు బయట నిలబడి పానికేకే అనే వేపుడు పిండి ముద్దలు తింటున్నాను. చేతిలో ఇంకా రెండు ముద్దలున్నాయి. ఒకటి నోట్లో కుక్కుకుని, రెండోది చేత్తో పట్టుకుని పరుగెత్తాను.

"మిగతాది మధ్యాహ్నం తినండి, లోసలినె టీచర్," అన్నాడు. నవ్వలేదు. నా పేరు అప్పటికే కంఠతా పట్టేశాడు.

ఆయన చెడ్డవాడని నేను ఎప్పుడూ అనను. రాజధానిలో మగపిల్లల కాలేజీలో ఇరవై ఏళ్ళు పనిచేసి, అక్కడి పాస్ లెక్కను ఎక్కడికో ఎత్తి పెట్టిన మనిషి. మా వవావూ దీవికి వచ్చాక కూడా పొద్దున ఐదింటికే బడికొచ్చి, ముందురోజు పరీక్ష కాగితాలు తనే చూసేవాడు. స్టాఫ్ రూమ్ గోడకు పెద్ద గ్రాఫు అంటించాడు. అందులో ఎర్ర గీత నెలనెలా పైకి పాకింది. ఏళ్ళ తరబడి వెనక బల్లల మీద నిద్రపోయిన పిల్లలు అక్షరాలు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారు. నేను పదకొండేళ్ళుగా చేయలేని పని అది. నాకు కాస్త కడుపుమంటగా ఉండేది కూడా.

ఆయన పద్ధతి ఒక్కటే. ర్యాంకు ప్రకారం బల్లలు. మొదటి ర్యాంకు, రెండో ర్యాంకు మొదటి బల్ల. మూడు, నాలుగు రెండో బల్ల. అలా మా ఆరో ఫారంలో పద్దెనిమిది బల్లలు, ముప్ఫై ఆరుగురు పిల్లలు. బల్లకొక పుస్తకం. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు పైకి చదవాలి. పరీక్ష కూడా అదే బల్ల మీద రాయాలి. కొత్త పరీక్ష మార్కులు రాగానే అసెంబ్లీలో పేర్లు చదివి బల్లలు మార్చేవాడు.

"పక్కవాడు నీకంటే ఒక్క మెట్టే పైనున్నాడని తెలిస్తే నిద్రపట్టదు. నిద్రపట్టకపోతే చదువుతారు," అన్నాడు మొదటి మీటింగులో. "అభ్యంతరాలుంటే కాగితం మీద రాసివ్వండి. నోటిమాటలు నాకు వినపడవు."

ఎవరమూ రాయలేదు.

మార్చిలో ఆరో ఫారం మొదటి బల్ల మీద ఎవరు కూర్చోవాలో చదివినప్పుడు నేను తప్పు విన్నాననుకున్నాను. మొదటి ర్యాంకు వైమొవానా. రెండో ర్యాంకు హొపొవాతే. హొపొవాతే తండ్రి ఆపిల్ తోటల పనికి న్యూజిలాండు పోయి అక్కడే ఉండిపోయాడు. పిల్లవాణ్ణి పెంచింది వాళ్ళ పెదనాన్న పౌలాసి. ఆ పౌలాసి కూతురే వైమొవానా. మా దగ్గర పెదనాన్న బిడ్డలైనా మేనమామ బిడ్డలైనా అందరూ అన్నాచెల్లెళ్ళే, అందులో తేడా లేదు. అన్నకు మీసాలు మొలిచే వయసు రాగానే మంచం ఇంట్లోంచి బయటి గుడిసెలోకి పోతుంది. చెల్లెలున్న గదిలో అతను కాళ్ళు చాపుకుని కూర్చోడు. సరసపు మాటలు ఆమె ముందు ఎవరైనా అంటే లేచి వెళ్ళిపోతాడు. అలాంటి ఇద్దర్ని భుజానికి భుజం తగిలేలా కూర్చోబెట్టి, ఒకే పుస్తకం చేతికిచ్చి, అందులో జాలరి కుర్రాడు షావుకారు కూతుర్ని ముద్దుపెట్టుకునే పాఠం పైకి చదవమన్నాం. ఎవరన్నాం? నేనే అన్నాను. ఇంగ్లీషు టీచర్ని నేనే కదా.

హొపొవాతే బల్ల చివర ఒంటి తొడ మీద కూర్చుని, కిటికీలోంచి ఓడరేవు వైపు చూస్తూ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. వైమొవానా తన వంతు వచ్చేసరికి గొంతు రాక దగ్గింది. క్లాసంతా తలలు దించుకుంది. ఒక్కడు కూడా నవ్వలేదు, దానికే నాకు భయమేసింది.

ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. ఈ సంగతి కాగితం మీద రాసేది కాదు, నోటితోనే చెప్పాలనుకున్నాను. తలుపు తీసి చూస్తే లోపల వైస్ ప్రిన్సిపాల్ ఫెలెతి ఫైళ్ళు సర్దుతున్నాడు. ఫెలెతి మా అమ్మ తమ్ముడి కొడుకు. నాకు అన్న. ముద్దుల పాఠం గురించీ, అన్నాచెల్లెళ్ళు ఒకే బల్ల మీద కూర్చోవడం గురించీ మా అన్న ముందు నోరెలా తెరవను?

"ఏం కావాలి టీచర్?" అన్నాడు ఫినేయాసి.

"సుద్దముక్కలు అయిపోయాయి సార్."

సొరుగు తీసి కొత్త డబ్బా ఇచ్చాడు. ఫెలెతి ఫైలులో ఇంకా లోతుగా తల దూర్చాడు. అతనికి నేనెందుకొచ్చానో తెలుసని అతని మెడ చూస్తేనే అర్థమైంది. ఇద్దరికీ తెలిసి ఇద్దరం నోరు మూసుకున్నాం. ఆ డబ్బా పట్టుకుని వరండాలోకి వచ్చాక నన్ను నేను నాలుగు తిట్టుకున్నాను. తిట్టుకుని ఇంటికి పోయాను. మర్నాడు మళ్ళీ వెళ్ళొచ్చు కదా? వెళ్ళలేదు. ఆ ఏడాది నా బదిలీ మాట నడుస్తోంది, ఆయన నా గురించి మంచిగా రాయాలి. నిజం అది.

ఆరో ఫారంలో మూడు అంతర్గత పరీక్షలుంటాయి. వాటి సగటు చివరి ఫలితంలో నూటికి ముప్ఫై వంతు. రాజధానిలో ఏడో ఫారం సీటు రావాలంటే ఇంగ్లీషులో ఎనభై ఐదు దాటాలి. వైమొవానాకి వాతావరణ కేంద్రంలో పనిచేయాలని ఉంది. తుపానులో వాళ్ళింటి రేకులు లేచిపోయిన రాత్రి నుంచీ రేడియోలో గాలి వేగాలు నోట్సులో రాసుకుంటోంది. ఆ పిల్లకు ఆ సీటు తప్ప వేరే దారి లేదు. హొపొవాతేకి ఓడల ఇంజన్లంటే ప్రాణం, అతనికీ అదే సీటు కావాలి. ఇద్దరూ ఎప్పుడూ తొంభైకి తగ్గని పిల్లలు.

మే నెల మొదటి పరీక్షలో వైమొవానాకి డెబ్బై ఒకటి వచ్చింది. హొపొవాతేకి డెబ్బై. ఐదో ర్యాంకు, ఆరో ర్యాంకు. ఇద్దర్నీ మూడో బల్లకు మార్చారు, మళ్ళీ పక్కపక్కనే.

జూలై రెండో పరీక్షలో నలభై నాలుగు, నలభై మూడు. పదిహేను, పదహారు. ఎనిమిదో బల్ల.

"మీ క్లాసులో మంచి పిల్లలు చెడిపోతున్నారు," అన్నాడు ఫినేయాసి గ్రాఫు ముందు నన్ను నిలబెట్టి. "వెనకవాళ్ళు పైకొస్తున్నారు, ముందువాళ్ళు పడిపోతున్నారు. గారాబం ఎక్కువైంది. మూడో పరీక్షలో ఇలాగే జరిగితే నేనేం రాయాల్సొస్తుందో మీకు తెలుసు."

ఆ మధ్యాహ్నం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. వైమొవానా కాగితం వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కనపడింది. ప్రతి తప్పు జవాబు కింద పెన్సిల్ నొక్కులున్నాయి. ముందు సరైన జవాబు రాసి, రబ్బరుతో చెరిపి, తప్పుది పెన్నుతో రాసింది. పది చోట్ల. హొపొవాతే కాగితం ఎత్తాను. అందులో తొమ్మిది చోట్ల.

బల్ల మారాలంటే ర్యాంకు మారాలి. ఆమె అన్నను పైన ఉంచి, తాను కిందికి దిగాలనుకుంది. అతను చెల్లెల్ని పైన ఉంచి, తాను దిగాలనుకున్నాడు. ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద వండింది తిని పెరిగిన పిల్లలు, లెక్క కూడా ఒకేలా వేశారు. నువ్వెంత తగ్గుతావు, నేనెంత తగ్గాలి అని ఒకర్నొకరు అడగలేరు. ఆ మాట అడగగలిగితే ఆ బల్ల మీద కూర్చోడమే కష్టమయ్యేది కాదు. కాగితాలు పక్కకు నెట్టి ఏడ్చాను. ఏడుపులో సగం కోపం, ఆ కోపంలో ఎక్కువ భాగం నా మీదే.

మూడో పరీక్ష సెప్టెంబరు రెండో శుక్రవారం. దానికి మూడు రోజుల ముందు వైమొవానాని నీళ్ళ ట్యాంకు దగ్గర పట్టుకున్నాను.

"తుడిచేసిన జవాబులు చూశానమ్మా."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "ఎవరికీ చెప్పకండి టీచర్."

"ఎందుకు చేశావో నాకు తెలుసు. కానీ విను. వాడూ అదే చేశాడు. నీకోసం వాడు దిగుతున్నాడు, వాడికోసం నువ్వు దిగుతున్నావు. ఇలాగైతే ఇద్దరూ మునుగుతారు. శుక్రవారం నువ్వు బుద్ధిగా రాయి."

ఆ పిల్ల చేతిలోని బకెట్ కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "అంటే నేను బాగా రాస్తే మా అన్న కింద పడిపోతాడన్నమాట. నావల్ల."

"అది కాదు నేను చెప్పేది..."

"మా బాబాయ్ అక్కడ నిచ్చెనలెక్కి కాయలు కోస్తున్నది వాడి చదువు కోసం టీచర్. సగం సగం దిగబట్టే ఇద్దరం ఒకే చోట ఆగుతున్నాం. ఈసారి ఖాళీ కాగితం ఇచ్చేస్తాను. అంతకంటే కిందికి వాడు దిగలేడు కదా."

"నీ వాతావరణ కేంద్రం?"

"గాలి ఎటొస్తోందో ఇంటి ముందు నిలబడి కూడా చూడొచ్చు," అని బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

చెప్పి చెడగొట్టాను. సున్నా వస్తే సీటు గురించి మాట్లాడుకోనక్కర్లేదు. బుధవారం పొద్దున మళ్ళీ ప్రిన్సిపాల్ గది తలుపు దాకా వెళ్ళాను. లోపల ఫెలెతి గొంతు వినిపించింది. తలుపు మీద చెయ్యి పెట్టి, తీసేశాను. ఇక లాభం లేదని చర్చి వెనకున్న చాపలల్లే షెడ్డుకి నడిచాను.

అక్కడ సినీవా ఉంటుంది. ఫినేయాసికి అక్క. పెళ్ళై ముప్ఫై ఏళ్ళుగా మా ఊళ్ళోనే ఉంది. ఎండిన మొగలాకులు వేళ్ళ మధ్య ఆడిస్తూ ఆరుగురు ఆడవాళ్ళతో పెద్ద చాప అల్లుతోంది. పక్కన కూర్చుని ఆకులు అందిస్తూ, అంతా చెప్పాను. అల్లే చేతులన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఒకే పుస్తకమా?" అంది ఒకామె.

"ముద్దుల పాఠమా?" అంది ఇంకొకామె. ఎవరో సన్నగా నవ్వబోయి మానేసింది.

సినీవా పళ్ళతో ఆకు చీల్చింది. "వాడికి తెలియకపోవడమేంటే? మా అమ్మ కడుపునే కదా పుట్టాడు. ఇప్పటికీ మా ఇంటికొస్తే నేనున్న చాప మీద కూర్చోడు."

"మగపిల్లల కాలేజీలో ఇరవై ఏళ్ళు ఉన్నారు కదా. అక్కడ బల్లలకి ఈ బాధ లేదు."

"సరే. వాడు గుడ్డివాడు. మరి నీకు కళ్ళున్నాయిగా? మార్చి నుంచి ఏం చేశావ్?"

"ఒకసారి వెళ్ళాను. మా ఫెలెతి అన్నయ్య అక్కడున్నాడు."

"ఏమని చెప్పొచ్చావ్?"

"సుద్దముక్కలు కావాలని."

షెడ్డంతా గొల్లుమంది. సినీవా మాత్రం నవ్వలేదు. అల్లిక మీదికి వంగి, "శుక్రవారం ఎన్నింటికి?" అని అడిగింది.

శుక్రవారం ఎనిమిదింటికి గంట మోగింది. హాల్లో పిల్లలంతా వరసల్లో నిలబడ్డారు. ప్రార్థన అయింది, పాట అయింది. వేదిక మీద ఉండేది ఒకటే పొడుగు బల్ల. ఫినేయాసి దాని మధ్యలో కూర్చుని పరీక్షకు ఎవరు ఏ బల్ల మీదో చదవడానికి జాబితా తీశాడు. పరీక్షకు పావుగంట ఉంది. ఆరో ఫారం వరసలో వైమొవానా చేతిలో పెన్ను కూడా లేదు. నేను చూశాను. హొపొవాతే ఆమెకు పదడుగుల దూరంలో నిలబడి నేలను చూస్తున్నాడు. సినీవా రాలేదు. రాదేమో అనుకున్నాను.

అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. నల్ల గౌను, నడుముకి పెళ్ళిళ్ళలో కట్టే మేలురకం తావోవాలా చాప చుట్టుకుని సినీవా లోపలికి వచ్చింది. నేరుగా వేదిక ఎక్కి, ఎవర్నీ అడక్కుండా తమ్ముడి పక్కన బల్ల మీద కూర్చుంది. భుజానికి భుజం తగిలేంత దగ్గరగా.

ఫినేయాసి వాత పెట్టినట్టు లేచి నిలబడ్డాడు.

"కూర్చో ఫినేయాసి," అంది. "చోటుందిగా."

"ఫర్లేదక్కా. నేను నిలబడతాను."

"కూర్చోరా. నేను కాసేపు మీ బడి చూసిపోదామని వచ్చాను."

"ఫర్లేదక్కా." రెండడుగులు పక్కకు జరిగాడు. ఇంకో అడుగు జరిగితే వేదిక అయిపోతుంది.

ఆమె గొంతు తగ్గించింది. మెట్ల దగ్గరున్న నాకూ, ఫెలెతికీ తప్ప ఎవరికీ వినపడలేదు. "నీ బడిలో ఇలాగే కూర్చుంటారటగా. నువ్వెందుకు కూర్చోవు?"

ఆయనకు అర్థం కాలేదు. దవడ బిగించి, నిలబడే జాబితా చదవడం మొదలుపెట్టాడు. మొదటి బల్ల, రెండు పేర్లు. రెండో బల్ల, రెండు పేర్లు. ఏడు దాకా గొంతు స్థిరంగానే ఉంది. "ఎనిమిదో బల్ల. వైమొవానా..." అని ఆగాడు. తలెత్తి వరసలోకి చూశాడు. పిల్లను చూశాడు, పదడుగుల దూరంలో అదే ఇంటి కుర్రాణ్ణి చూశాడు. వెనక్కి తిరిగి బల్ల మీద ఖాళీ చోటునూ, దాని పక్కన కూర్చున్న అక్కనూ చూశాడు. కాగితం పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది.

"ఇవాళ బల్లకి ఒక్కరే," అన్నాడు చివరికి. "ఎవరికి ఎక్కడ కుదిరితే అక్కడ."

పద్దెనిమిది బల్లలు, ముప్ఫై ఆరుగురు. ఆయనే కోటు విప్పి స్టాఫ్ రూమ్ బల్లలు మోశాడు. ఫెలెతి రెండో వైపు పట్టుకున్నాడు. భోజనాల గది పీటలు, చర్చి నుంచి నాలుగు బల్లలు వచ్చాయి. వేదిక మీది బల్ల కూడా దింపారు. సినీవా అప్పటికే వెళ్ళిపోయింది. పరీక్ష నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఆ ఏడాది అంతా ఆలస్యమైంది అదొక్కటే. నేను వైమొవానా ముందు ఒక పెన్ను పెట్టాను. ఆ పిల్ల దాని వైపు చూసింది, దూరాన కిటికీ దగ్గర రాసుకుంటున్న అన్న వీపు వైపు చూసింది. అప్పుడు మూత తీసింది.

వరండాలో ఫినేయాసి నన్ను ఆపాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"మీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"మార్చి నుంచి సార్."

"ఫెలెతికి?"

"మార్చి నుంచే."

"రాసివ్వమన్నాను కదా. ఒక్క కాగితం రాలేదు."

"ఇది రాసేదా సార్?"

"మీరొకసారి నా గదికి వచ్చారు. సుద్దముక్కలు అడిగారు," అన్నాడు. ఔనన్నాను. ఆయన గంట తాడు పట్టుకుని కొంతసేపు అలాగే నిలబడ్డాడు, కొట్టకుండా.

రెండో పరీక్ష మార్కులు పక్కన పెట్టమని రాజధానికి ఉత్తరం రాశాడు. తప్పు పిల్లలది కాదు, తనదీ, తన బల్లలదీ అని స్పష్టంగా రాశాడు. నా చేత ఇంగ్లీషు దిద్దించుకున్నాడు. అలాంటి నిబంధన లేదని మూడు వారాలకు జవాబొచ్చింది.

జనవరిలో ఫలితాలు వచ్చాయి. ఈసారి అసెంబ్లీలో చదవలేదు, ఒక్కొక్కర్నే పిలిచి చెప్పాడు. వైమొవానాకి ఎనభై ఆరు. హొపొవాతేకి ఎనభై మూడు. రబ్బరుతో చెరిపేసిన ఆ తొమ్మిది జవాబులు ఉంటే గట్టెక్కేవాడు. ఆరో ఫారం మళ్ళీ చదవాలి.

ఆ శనివారం పొద్దున పౌలాసి ఇంటి మీదుగా పోతూ ఆగిపోయాను. ఇంటి ముందు గడ్డిలో ఫినేయాసి కింద కూర్చుని ఉన్నాడు. నడుముకి చివికి పీలికలైన పాత చాప. చావుల్లో కట్టేది, క్షమించమని అడగడానికి కట్టేది. తల మోకాళ్ళకు ఆనేలా వంచాడు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఇంటి తలుపు వేసి ఉంది.

ఇంటికి పరుగెత్తాను. పెట్టె అడుగునుంచి మా అమ్మ పాత చాప తీసి కట్టుకుని తిరిగొచ్చి, ఆయనకు కాస్త వెనగ్గా గడ్డిలో కూర్చున్నాను. కొంతసేపటికి గేటు చప్పుడైంది. చినిగిన చాప కట్టుకుని ఫెలెతి వచ్చాడు. నన్ను చూసి, అంత దూరాన, అరటిచెట్ల దగ్గర కూర్చున్నాడు.

తలుపు తీసి పౌలాసి బయటికి వచ్చాడు. పెద్దమనిషి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫినేయాసి భుజాలు పట్టుకుని, "లేవండి సార్, ఎండ," అన్నాడు. ఆయన లేవలేదు. పౌలాసి నా వైపు తిరిగాడు. "మీరెందుకు టీచర్?"

"నేను మార్చి నుంచి చూస్తూ ఊరుకున్నాను," అన్నాను.

కిటికీ తెర వెనక వైమొవానా నీడ కదిలింది. ఆమె ట్రంకు పెట్టె గడప దగ్గర సగం సర్ది ఉంది. హొపొవాతే వెనక గుడిసెలోంచి పడవ ఇంజన్ గ్రీజు చేతులతోనే వచ్చి, మా ముగ్గుర్నీ చూసి బిత్తరపోయాడు. చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక నిక్కరుకు తుడుచుకున్నాడు. అన్న ముంగిట్లో ఉన్నాడు కాబట్టి వైమొవానా బయటికి రాలేదు.

"సార్," అన్నాడు. "ఫిబ్రవరిలో నేను ఏ బల్ల మీద కూర్చోవాలి?"

ఫినేయాసి తలెత్తలేదు. "నువ్వే చెప్పు," అన్నాడు.

ఆ కుర్రాణ్ణి ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. గడప దగ్గరి ట్రంకు పెట్టె వైపు చూస్తూ ఆలోచనలో పడ్డాడు. మేం ముగ్గురం ఎండలో అలాగే కూర్చుని ఉన్నాం.